ఎబెర్లె తగిలించిన పలక

మోకాలి లిగమెంటుకు ఆపరేషన్ జరిగిన పదహారో రోజు పొద్దున ఆన్నెగ్రెట్ రెంజ్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పదిన్నరకు గడ్డకట్టిన బఠాణీల సంచీ మోకాలికి కట్టుకోవాలి. వ్యాయామం చేయించే మిర్సదా పదకొండుకి వస్తుంది కాబట్టి తలుపు ఓరగా తీసి ఉంచాలి. ఈలోగా ఎవరినీ తిట్టకూడదు.

శుక్రవారానికల్లా మోకాలు తొంభై డిగ్రీలు వంగాలి. వంగకపోతే మళ్ళీ మత్తిచ్చి తామే వంచుతామని సర్జన్ చెప్పాడు. బుధవారం వచ్చేసింది, మోకాలు డెబ్భై దగ్గరే మొండికేసింది. స్టుట్‌గార్ట్ ఎగుడుదిగుడు వీధుల్లో ఇరవై ఏళ్ళు సైకిల్ మీద ఉత్తరాలు పంచిన మనిషికి సోఫాలో పడి ఉండటమంటేనే ఒళ్ళు మంట.

బఠాణీల సంచీ మోకాలికి కట్టుకుని తలుపు తీసింది. బయట పలక వేలాడుతోంది: 'ఊడ్చే వారం'.

ఆ పలక ఎవరి తలుపుకు ఉంటే ఆ వారం మెట్లన్నీ ఊడ్చి తుడవాల్సింది వాళ్ళే. ఆపరేషన్‌కు ముందే ఆమె కింది అంతస్తు ఎబెర్లెను అడిగింది, ఈసారి నా వంతు మీరు చేసిపెడతారా అని. ట్రాము నడిపే ఆ మనిషికి మాటలంటే మహా పొదుపు. "చూద్దాం" అన్నాడు. చూసి చూసి, కుంటిదాని తలుపుకు తెచ్చి తగిలించాడు!

"సిగ్గుండక్కర్లేదూ!" అని గోడకు చెప్పి, పలక తాడును పళ్ళతో కరిచిపట్టి, ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో మెట్ల కమ్మీ పట్టుకుని బయల్దేరింది. దాన్ని ఎబెర్లె తలుపుకే తగిలిస్తే గానీ ఆమె కడుపుమంట చల్లారదు. అయిదు మెట్లు దిగిందో లేదో, వెనక తలుపు గాలికి ధడేలున పడింది. బయటినుంచి తిప్పే పిడి ఆ తలుపుకు లేదు. తాళంచెవి లోపల ఉంది. ఆపరేషన్‌కు ముందు ఇచ్చి ఉంచిన రెండో తాళంచెవి ఎబెర్లె దగ్గర ఉంది.

తిట్టడానికి నోరు తెరిచేసరికి పలక జారింది. దాన్ని అందుకోబోతే మోకాలి సంచీ కమ్మీకి గీసుకుని చిరిగింది. బఠాణీలు టపటపా దూకుతూ కింది అంతస్తు దాకా వెళ్ళాయి. ఆన్నెగ్రెట్ పలక ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూలబడింది. కాలు చాపితే మడమ బఠాణీల మీద జారుతోంది. పళ్ళు బిగించి, పాదాన్ని వెనక్కి లాక్కుని కింది మెట్టుకే ఆనించుకుంది.

కింద తలుపు తెరుచుకుంది. ఎనభై ఏళ్ళ క్నాప్ మామ్మ వచ్చి తలెత్తి చూసింది.

"ఏమ్మా, ఊడ్చమని పలక పెడితే బఠాణీలు చల్లుతున్నావా?"

"నా కాలు కనబడటం లేదా మామ్మగారూ? ఊడ్చాల్సింది ఎబెర్లె!"

"పలక నీ ఒళ్ళోనే ఉందిగా!"

"వాడు మోసం చేసి తగిలించాడు! అడిగితే చూద్దామన్నాడు, రాతిగుండె మనిషి! రానివ్వండి, ఈ కర్రతోనే సమాధానం చెబుతాను!"

"పొద్దున మెట్లు అద్దంలా ఉన్నాయి. నువ్వే పాడుచేసి పాపం అతన్నంటావేం?"

అలా అరగంట సాగింది. అరుపుల్లో ఆన్నెగ్రెట్ నొప్పి సంగతే మరిచిపోయింది. మిర్సదా వచ్చి, బఠాణీలు తప్పించుకుంటూ మెట్లెక్కి, నెత్తి కొట్టుకుంది.

"మిమ్మల్ని పడుకోమన్నానా, పోట్లాడమన్నానా? అసలీ పలకేమిటి?" అని లాక్కుని వెనక్కి తిప్పింది. వెనక చిన్న కాగితం అంటించి ఉంది. మిర్సదా పైకే చదివింది:

"రెంజ్ గారికి. డ్యూటీకి వెళ్ళేముందు ఊడ్చి, తుడిచేశాను. పలక మాత్రం మీ తలుపుకే ఉండనివ్వండి. నేను చేశానని తెలిస్తే తమ వంతూ చేసిపెట్టమని అందరూ నన్నే అడుగుతారు. ఎవరికీ చెప్పకండి. ఎబెర్లె."

ఆన్నెగ్రెట్‌కు చెవులదాకా సిగ్గు ముంచుకొచ్చింది. కోపం పోలేదు, ఇప్పుడు తన మీదికే తిరిగింది.

మిర్సదా మాత్రం కాలు వంక చూస్తోంది. తన సంచీలోంచి కోణం కొలిచే బద్ద తీసి మోకాలికి ఆనించింది. "కదలకండి... తొంభై రెండు! ఇన్ని రోజులు నేను బతిమాలితే వంగనిది, ఎవరిని తిడితే వంగింది?"

అదే సమయానికి పొద్దుటి డ్యూటీ ముగించుకుని ఎబెర్లె వచ్చాడు. కాళ్ళకింద బఠాణీలు చిట్లాయి. తను తుడిచిన మెట్లను చూశాడు, మిర్సదా చేతిలో కాగితాన్ని చూశాడు. పైన మూసుకుపోయిన తలుపును చూసి, జేబులోంచి ఆన్నెగ్రెట్ తాళంచెవి తీశాడు.

"నన్ను క్షమించండి," అంది ఆమె. "రాని తిట్లు కూడా తిట్టాను."

ఆయన తలూపి చీపురు కోసం వెళ్ళబోయాడు. క్నాప్ మామ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎబెర్లె, వచ్చేవారం వంతు నాది నాయనా. నాకు చూస్తే నడుం నొప్పి..."

ఎబెర్లె బఠాణీల వంక చూసి, నిట్టూర్చి, "చూద్దాం" అన్నాడు.

ఆ మాటకు అర్థమేమిటో ఇప్పుడు మెట్ల మీదున్న వాళ్ళందరికీ తెలుసు.