లక్కతో అతికించిన భరిణె

ఆదివారం పొద్దున్నే కొత్తచెరువు టపా గుమాస్తా కుళ్ళాయప్ప తరిమెన ముందు కూర్చున్నాడు. చెక్కను గిర్రున తిప్పి చెక్కే ఆ యంత్రాన్ని పాత కుట్టుమిషను తొక్కుడుబల్లతో తానే చేసుకున్నాడు. భార్య హనుమక్క మధ్యాహ్నం బస్సుకు చెల్లెలి సీమంతానికి పోవాలి. కానుకకు కుంకుమ భరిణె కొనొద్దు, తానే చేసిస్తానని ఆమెకు మాటిచ్చాడు.

చిక్కల్లా చెక్కను కదలకుండా పట్టి ఉంచడంలోనే వచ్చింది. అందుకు ఇనప బిగింపు తెప్పించుకునే స్తోమత లేదు. మేకులతో బిగిస్తే ఉలి మేకుకు తగిలి అంచు విరిగింది. చివరికి పార్సిళ్ళ మీద ముద్ర వేసే సర్కారు లక్క ముక్క జేబులో దొరికింది. దాన్ని కరిగించి, ఇరుసు చివరనున్న కర్ర దిమ్మెకు చెక్కను అతికించాడు.

"ఇంక ఏనుగు లాగినా ఊడదు, సూడు" అన్నాడు భార్యతో.

ఏనుగు అక్కర్లేకపోయింది. ఉలి రాపిడికి చెక్క వేడెక్కి, లక్క మెత్తబడింది. చెక్క కిటికీలోంచి ఎగిరి గోడ దాటింది. అవతల ఫెళ్ళుమంది.

పక్కింటి ఓబులమ్మ తడిసిన చీరతో, చేతిలో ఆ చెక్కతో వచ్చింది.

"ఏమప్పా, పార్సిలు ఇచ్చే తీరు ఇదేనా? కోసు దూరం మోసుకొచ్చిన నీళ్ళు! కడవ పగిలిపాయ!"

"పార్సిలేందక్కా?"

"లక్క ఉండాది గదా! మా కొడుకు మద్దిలేటి పంపినాడు. మిలిట్రీకి పోయి నాలుగు నెలలాయ, ఒక్క జాబు లేదు" అంటూ చెక్కను రొమ్ముకు హత్తుకుంది.

నిజం చెబితే సర్కారు లక్క బయటపడి ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే భరిణె పోతుంది. పైగా ఆమె కళ్ళలో నీళ్ళు.

"వాడే పంపినాడక్కా" అన్నాడు.

"మొద్దు పంపినాడేమి?"

"భరిణె... చేయించుకోమని."

"అయితే చెయ్యి" అని ఆమె అక్కడే చతికిలబడింది.

"పట్టు నిలవడం లేదక్కా."

"రోకటికి ఇనప పొన్ను వదులైతే ఏం జేస్తాము? గుడ్డపేలిక సుట్టి దిగ్గొడతాము. ఆమాత్రం తెలీదా?"

కుళ్ళాయప్ప దిమ్మెలో గుంట తొలిచాడు. చెక్కకు పేలిక చుట్టి అందులో దిగ్గొట్టాడు. ఈసారి అది వెంట్రుకంతైనా కదల్లేదు. మధ్యాహ్నానికి నున్నటి భరిణె తయారైంది. ఓబులమ్మ దాన్ని కళ్ళకద్దుకుని కొంగులో మూటకట్టుకుపోయింది. హనుమక్క మొగుణ్ణి ఎగాదిగా చూసి, ఉత్త చేతులతో బస్సెక్కింది.

మరుసటి వారం ఓబులమ్మ కొడుక్కి జాబు రాయించింది: భరిణె అందింది, ఇంకోసారి పంపితే కడవ మీద పడకుండా పంపు నాయనా అని. కుళ్ళాయప్ప అక్షరం పొల్లుపోకుండా రాసిపెట్టాడు.