హైమావతి సిర మీద కూర్చున్న మనిషి

హైమావతి పొత్తికడుపులో, ఎడమకాలి నుంచి రక్తాన్ని పైకి తీసుకెళ్లే పెద్ద సిర మీద, ఆమె భర్త పాండురంగారావు పడక్కుర్చీ వేసుకుని కూర్చున్నట్టు కాకినాడలోని ఒక స్కానింగ్ సెంటర్లో తేలింది. ఆ సమయంలో పాండురంగారావు బయట వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. ఇలాంటి కేసుల్లో మనిషి రెండుచోట్లా ఉండటం మామూలేనని రిపోర్టు చివర రాశారు.

హైమావతి మునిసిపల్ హైస్కూల్లో లెక్కల టీచరు. కొన్నేళ్లుగా సాయంత్రమయ్యేసరికి ఆమె ఎడమకాలు వాచిపోయేది. పొత్తికడుపులో ఏదో బరువు కిందికి లాగుతున్నట్టుండేది. పడుకుంటే తగ్గేది, కానీ పడుకునే వీలుండేది కాదు. ఒక డాక్టరు గ్యాసన్నాడు. ఇంకొకాయన ఒళ్లు తగ్గమన్నాడు. మరొకావిడ ఈ వయసులో ఆడవాళ్లకిది మామూలేనని, మనసు ప్రశాంతంగా ఉంచుకోమని చెప్పింది. చివరికి తోటి టీచరొకావిడ రక్తనాళాల డాక్టరు సుభాషిణి దగ్గరికి పంపితే, ఆవిడ ఈ స్కానింగ్ రాసింది.

రిపోర్టు చూసి సుభాషిణి ఆశ్చర్యపోలేదు. దంపతులిద్దర్నీ కూర్చోబెట్టి కాగితం మీద బొమ్మ గీసింది.

"కుడికాలికి వెళ్లే ధమని ఈ సిర మీదుగానే పోతుంది. వెనక వెన్నెముక ఉంటుంది. అందరికీ ఇంతే. చాలామందికి ఏ బాధా తెలీదు. ఆ పైన మనిషి కూడా కూర్చుంటే మాత్రం సిర బాగా నలిగి, రక్తం కిందే నిలిచిపోతుంది. ఇలాగే వదిలేస్తే గడ్డ కట్టొచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు."

పాండురంగారావు చెడ్డవాడు కాడు. కరెంటాఫీసులో గుమాస్తా. ఆయన మొహం పాలిపోయింది.

"నేను ఆవిణ్ణి ఏనాడూ పల్లెత్తు మాట అన్లేదండి."

"మాటలతో సంబంధం లేదండి. కూర్చోవడంతోనే."

ఆయన గబుక్కున లేచి నిలబడ్డాడు.

"మీరు కాదండి, లోపలాయన లేవాలి," అంది సుభాషిణి. "ముందు ఆ ప్రయత్నమే చేద్దాం. ఇంట్లో మీరు లేచి పనులు చేస్తూ ఉండండి. లోపలాయన మిమ్మల్ని చూసి లేస్తే అదృష్టం. అమ్మా, మీరు ఈలోగా కాలికి బిగుతు మేజోళ్లు వేసుకోండి."

పాండురంగారావు నిజాయితీగానే ప్రయత్నించాడు. పొద్దున్నే కాఫీ కలిపాడు. గిన్నెలు తోమాడు. అన్నం మాడ్చి, మాడిన గిన్నె కూడా తనే తోమాడు. ఒక సాయంత్రం ఇద్దరూ చిక్కుడుకాయలు వలుస్తూ కూర్చున్నప్పుడు అడిగాడు.

"ఎప్పుడు కూర్చున్నానో నాకు గుర్తే రావడం లేదు హైమా."

"నాకు గుర్తుందండీ," అంది హైమావతి తలెత్తకుండా. "హెడ్మిస్ట్రెస్‌గా అమలాపురం వెళ్తారా అని పై ఆఫీసువాళ్లు నన్నడిగారు చూడండి, ఆ రోజు. మీరు వద్దన్లేదు. నీ ఇష్టం అన్నారు. అని, కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. మర్నాడు వెళ్లి రానని చెప్పేశాను. ఆ సాయంత్రమే మొదటిసారి కాలు బరువనిపించింది."

"అప్పుడే చెప్పాల్సింది."

"ఎవరండీ? మీరా, నేనా?"

'వెళ్దాం పద' అన్న రెండు మాటలు ఆ రోజు తన నోట్లోనే ఉన్నాయని, అనడానికి బద్ధకించానని ఆయనకిప్పుడు తెలిసింది. చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

సంగతి విని ఆయన తల్లి మంగతాయారు ఫోన్ చేసింది. "వాడు పెళ్లికి ముందు నామీద కూర్చునేవాడమ్మా. నీ దగ్గరికి మారాడన్నమాట. నా కాలి వాపు ఇప్పటికీ దిగలేదు. చీలమండ దగ్గర చర్మం నల్లబడిపోయింది. అందరికీ ఉండేదే అనుకున్నాను," అంది.

రెండోసారి స్కానింగ్‌కి పాండురంగారావుని కూడా లోపలికి రానిచ్చారు. తెర మీద బూడిదరంగు నీడల మధ్య ఆయన తనను తాను చూసుకున్నాడు. కాళ్లు బారచాపుకుని, హాయిగా ఉన్నాడు. కుర్చీ అంగుళమైనా కదల్లేదు.

"పిలవండి సార్," అన్నాడు టెక్నీషియన్.

"ఏవండీ," అని పాండురంగారావు తెర మీదికి వంగాడు. "దయచేసి లేవండి. ఆవిడకి నొప్పిగా ఉంది."

తెర మీది మనిషి తల తిప్పి ఏదో అన్నాడు. మాట బయటికి రాలేదు. ఇలాంటివి రోజూ చూసే టెక్నీషియన్ పెదాల కదలిక చదివాడు. "కాసిని మంచినీళ్లిమ్మంటున్నారండి."

బల్ల మీద పడుకున్న హైమావతి చెయ్యూని లేవబోయింది.

"కదలకండమ్మా, బొమ్మ చెదిరిపోతుంది," అన్నాడతను.

ఆమె మళ్లీ పడుకుంది. లేవబోయినట్టు ఆమెకే తెలీదు. పాండురంగారావు గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

ఇక స్టెంట్ వెయ్యక తప్పదంది సుభాషిణి. తొడ దగ్గర సిరలోంచి సన్నని తీగ పంపి, నలిగినచోట బెలూన్‌తో తెరిచి, లోహపు జాలీ గొట్టం అమర్చుతారు. కొన్నాళ్లు రక్తం పలుచబడే మాత్రలు వాడాలి.

"నన్నే లేపెయ్యండి డాక్టరుగారూ. ఎంత నొప్పైనా ఓర్చుకుంటాను," అన్నాడు పాండురంగారావు.

"ఓర్చుకోవాల్సింది మీరు కాదండి, ఆవిడే. పైగా స్టెంటుకి బీమా వర్తిస్తుంది. మనిషిని లేపడానికి వర్తించదు."

స్టెంట్ వేశారు. కొద్దిరోజుల్లోనే వాపు దిగింది. హైమావతి బడిలో సాయంత్రం దాకా నిలబడి పాఠం చెప్పినా కాలు తేలిగ్గానే ఉంది. ఆమె తిరుగుతుంటే పాండురంగారావు కూడా స్థిమితపడ్డాడు. మొదట గిన్నెలు మానేశాడు, తర్వాత కాఫీ. ఏ రోజు మానేశాడో ఇద్దరూ గమనించలేదు.

తర్వాతి పరీక్షకు వెళ్లినప్పుడు వరండాలో పక్కన కూర్చున్న పెద్దావిడ ఆమెను పలకరించింది.

"నీకెవరు కూర్చున్నారమ్మా?"

"మావారండి. ఒక్కరే."

"అదృష్టవంతురాలివి. నాకు మామగారు, ఇద్దరు మరుదులు. స్టెంట్లు రెండు వేశారు."

ఆవిడకు అవతల, కొత్తగా పెళ్లయిన అమ్మాయి ఎడమకాలి పట్టీ వదులు చేసుకుంటోంది. వీళ్ల మాటలు విని ఇటు వంగింది.

"వాళ్లు ఎప్పటికీ లేవరాండీ?"

హైమావతి ఆ అమ్మాయికి అమలాపురం సంగతి చెబుదామనుకుంది. ఇంతలో స్కూటర్ నిలిపి ఆ అమ్మాయి భర్త నవ్వుతూ మెట్లెక్కి వస్తున్నాడు. మంచివాడిలాగే ఉన్నాడు.

"స్టెంట్ బాగా గట్టిదమ్మా," అంది హైమావతి. "వాళ్లు లేవక్కర్లేదు."

ఆ అమ్మాయి మొహం తేటపడింది. భర్త కూర్చోవడానికి పక్కకు జరిగింది.