చూడి పశువుల మహాసభ

ఇకమీదట పల్నాడు తాలూకాలో ఏ పశువూ ఈసుకుపోరాదని పశువృద్ధి సంఘం ప్రెసిడెంటు నాగభూషణరావుగారు ప్రకటించారు. నెలలు నిండకుండానే చూలు జారిపోవడాన్ని మావైపు ఈసుకుపోవడమంటారు. యుద్ధం రోజులు. పాలూ మాంసమూ పెంచండని సర్కారు సర్క్యులరు మీద సర్క్యులరు పంపుతోంది. గేదెలూ గొర్రెలూ పందులూ ఆ సర్క్యులర్లను ఖాతరు చేయడం లేదు. ఈ రాజద్రోహాన్ని అరికట్టడానికి నడుం కట్టిన మహానుభావుడు మా ప్రెసిడెంటుగారొక్కరే. పనిలో పనిగా రావుసాహెబు బిరుదొస్తే కాదనేంత అహంకారం కూడా ఆయనకు లేదు.

చూడి పశువులన్నీ సోమవారం గురజాల మైదానంలో హాజరు కావాలని దండోరా వేయించారు. అక్కడ పరీక్షించి సర్టిఫికెట్టు ఇస్తారు. ఈసుకుపోవడానికి కారణాల మీద ప్రెసిడెంటుగారు ఉపన్యసిస్తారు. పత్రికా విలేకరిని గనక దండోరా వెంట నేనూ తిరిగాను.

కృష్ణ ఒడ్డున ఒక పల్లెలో మస్తానమ్మ అడ్డం తిరిగింది. నాపరాళ్ల గనిలో మొగుడు గంగయ్య కాలు పోయాక ఆ ఇంటికి సంపాదించి పెట్టేది ఒక్క పందే. అదీ వరసగా రెండుసార్లు ఈసుకుపోయింది. ఈసారీ పోతే ఆ ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు.

"నాలుగు కోసులు నడిపిస్తే దారిలోనే పారేసుకుద్దయ్యా," అంది.

"తీసుకురాకపోతే సర్కారు దాన్ని చూడిగా గుర్తించదు," అన్నాడు పశువుల కాంపౌండరు పున్నారావు.

"గుర్తించకపోతే ఈనదా ఏంది?"

పున్నారావు సర్క్యులరు తిరగేశాడు. ఆ సంగతి అందులో లేదు.

సోమవారం మిట్టమధ్యాహ్నానికి మూడొందల చూడి పశువులు చేరాయి. మస్తానమ్మ పంది రాలేదు. మొదటి కారణం ఎండ అన్నారు ప్రెసిడెంటుగారు, పందిరి కింద నిలబడి. పశువులు ఎండలో నిలబడి శ్రద్ధగా విన్నాయి. రెండోది దాహమని చెప్పి సోడా తాగారు. మూడోది తొక్కిసలాట అంటుండగానే వెనక గేదెలు ముందుకు తోసుకొచ్చాయి. నాలుగోది బెదురు అనగానే కార్యకర్తలు ఆనందం పట్టలేక టపాకాయల సరం అంటించారు. ఒక్కో కారణాన్నీ ఇంత చక్కగా బోధపరచిన సభ నేనెన్నడూ చూడలేదు. ఈసుకుపోయినదాన్ని వెంటనే పూడ్చకపోతే మిగతావాటికి రోగం అంటుకుంటుందని ఆయన ముగించేసరికి పూడ్చాల్సినవి ఆరయ్యాయి. పూడ్చడం కార్యక్రమంలో లేదు గనక వందన సమర్పణ చేశారు.

ఆ వారంలో నలభై ఏడు పశువులు ఈసుకుపోయాయి. సర్టిఫికెట్లు మాత్రం ఒక్కటీ పోలేదు.

మస్తానమ్మ పంది తొమ్మిది పిల్లల్ని పెట్టింది. ప్రెసిడెంటుగారు పూలదండతో, ఫోటోగ్రాఫరుతో వెళ్లారు.

"ఏమే మస్తానమ్మా, ఏం చేశావే?"

"ఏం చేశానయ్యా, ఎండన తిప్పలా, బెదరగొట్టలా. నీడన పండుకోబెట్టి కుడితి పోశా."

"నా ఉపన్యాసం అక్షరాలా పాటించావన్నమాట."

"మీ సభకి మేం రాలేదయ్యా. అందుకే ఈనింది."

ప్రెసిడెంటుగారు తెచ్చిన పూలదండ తన మెడలోనే వేసుకున్నారు. పెద్దవారి ఆలోచన మనకందదు.

"వినకపోతేనే తొమ్మిదా? వినుంటే పదిహేను పెట్టేది. పాపం, దూరమని రాలేకపోయావు. వచ్చే సోమవారం సభ మీ ఊళ్లోనే పెడతాం. మూడు గంటలు మాట్లాడతాను."

మస్తానమ్మ పాలు తాగుతున్న పిల్లల వంక చూసింది. ఆ చూపు నేను పత్రికలో వేయలేదు.

సోమవారం మేళంతో వెళ్లేసరికి ఊళ్లో పశువన్నది లేదు. పందుల్ని పుట్టి పడవల్లో ఎక్కించి, గేదెల్ని ఈదించి, జనమంతా తెల్లారేసరికే కృష్ణ దాటి నైజాంలోకి పోయారు. నడవలేని గంగయ్య ఒక్కడే అరుగు మీద ఉన్నాడు.

"ఎప్పుడొస్తారు?" అనడిగారు ప్రెసిడెంటుగారు.

"తమరు వెళ్లంగానే వస్తారయ్యా."

ఆ ఊళ్లో ఈసుకుపోయినవి సున్నా అని పున్నారావు రిజిస్టర్లో రాసుకున్నాడు. అక్కడి నుంచి ఏ ఊళ్లో సభ పెట్టినా సున్నాయే వచ్చింది. ఇంతటి విజయం రాష్ట్రం మొత్తంలో లేదని ప్రెసిడెంటుగారికి రావుసాహెబు బిరుదిచ్చారు.

బిరుదు అందిస్తూ కలెక్టరు దొరగారు ఆయన చెయ్యి పట్టుకుని, ఈ అమోఘమైన పద్ధతిని ఇక మన ఆడవాళ్ల కాన్పుల విషయంలోనూ అమలు జరపమని కోరారు. రావుసాహెబుగారు వినయంగా ఒప్పుకున్నారు. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

మా ఆవిడకి ఏడో నెల. సభ నుంచి తిన్నగా రేవుకెళ్లి ఒక పుట్టి మాట్లాడుకుని ఇంటికొచ్చాను.