లింగమూర్తి మెట్ల వైద్యం

ఆ పొద్దున లింగమూర్తి తలపెట్టింది చిన్న పనే. తన మడమ నొప్పిని తగ్గించిన వైద్యాన్ని భార్య కొండవ్వకూ చేయించాలి. మగ్గం తొక్కీ తొక్కీ మడమ వెనుక పట్టిన నొప్పి ఎన్ని నూనెలు రాసినా లొంగలేదు. ఫిజియోథెరపీ చేసే శైలజ డాక్టరమ్మ మాత్రం మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, మడమలు మెల్లగా కిందికి దించమంది. మాత్ర లేదు, సూది లేదు. కొన్నాళ్లకే నొప్పి సగం తగ్గింది. అప్పటినుంచి ఆయనకు మెట్టు కనిపిస్తే చాలు, దండం పెట్టాలనిపించేది.

"ఇద్దరిదీ మడమనే గదా, మళ్ల దవాఖాన ఎందుకు?" అంటూ కొండవ్వను అరుగు మెట్టెక్కించాడు. సద్దుల బతుకమ్మ దగ్గరికొచ్చింది. వాడకట్టులో పాట ఎత్తుకునేది ఆమే. కాలు బాగైతే చాలని ఆమె మడమలు దించడం మొదలుపెట్టింది.

ఎదురింటి ఐలవ్వ అది చూసి, మొన్నటి నుంచి తన మడమా వాచిందంటూ వచ్చి పక్కన నిలబడింది. వెనకాలే కల్లు గీయడానికి తాళ్లెక్కే దుబ్బయ్య వచ్చి, తన నొప్పి భుజంలో ఉందన్నాడు. లింగమూర్తి కాసేపు ఆలోచించి, భుజమూ ఆ ఒంటిదేగా అని ఆయన్నీ ఎక్కించాడు. దారిన పోయేవాళ్లు ఇదేదో కొత్త మొక్కు అనుకుని చేతులు జోడించి పోయేవారు.

వారం తిరిగేసరికి కొండవ్వ కాలు నేల మీద మోపలేకపోయింది. తన తెలివి ఆమె పండుగను మింగేసిందేమోనని లింగమూర్తి గబగబా రోడ్డు మీదికి పోయాడు. ఆటో పిలిచాడు. ఐలవ్వా దుబ్బయ్యా అందులోనే ఇరుక్కున్నారు.

శైలజ ఒక్కొక్కరినీ బొటనవేలితో నొక్కి చూసింది. లింగమూర్తి నొప్పి పిక్కను మడమకు కట్టే తాడు నడుమ. కొండవ్వది దానికి కాస్త కింద, ఆ తాడు ఎముకకు అతుక్కునే చోట. మడమ మెట్టు కిందికి దిగినప్పుడల్లా అక్కడ ఒరుసుకుంటోంది. ఆమె చదును నేల మీదే మడమలెత్తాలి, చెప్పులో మెత్తటి అట్ట పెట్టుకోవాలి. ఐలవ్వది కొత్తగా రేగిన వాపు, ముందు ఆ కాలికి పని తగ్గించాలి. దుబ్బయ్య భుజానికి అసలు మెట్లతో పనే లేదు.

లింగమూర్తి నోరు తెరుచుకుని విన్నాడు. ఒకటే తాడు, రెండు వేళ్ల దూరం, రెండు వైద్యాలు. మనిషి ఒంటిని ఇంత నేర్పుగా నేసిందెవరో అని ఒళ్లు జలదరించింది.

"నడుమ తెగిన పోగును ఒక తీర్గ అతుకుతవ్, కొసకు తెగినదాన్ని ఇంకో తీర్గ అతుకుతవ్. నా కాలికాడికొస్తే గంత సోయి లేకపాయె," అంది కొండవ్వ. తర్వాత డాక్టరమ్మను భయపడుతూ అడిగింది. "పండుగకు ఆడొచ్చునా బిడ్డా?"

"చదును జాగల మెల్లగ ఆడు అవ్వా. బరువు మాత్రం మొయ్యకు." శైలజ లింగమూర్తి వైపు తిరిగింది. "మీకు నయమైతుంది. ఇగ బరువు పెంచాలె. ఏదన్న మోసుకుంట మెట్లు ఎక్కి దిగుండ్రి."

సద్దుల నాడు కొండవ్వ మెల్లగా అడుగేస్తూ పాట ఎత్తుకుంది. చెరువు దారిలోనూ ఆ గొంతు ఆగలేదు. వింటున్న లింగమూర్తికి కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. నెత్తిన నిలువెత్తు తంగేడు బతుకమ్మతో, ఊరి ఆడవాళ్లందరి నడుమ, ఆయన కోమటిచెరువు మెట్లు దిగుతున్నాడు.

మర్నాటి నుంచి ఆ వాడలోని ఆడవాళ్లు తమ మొగుళ్ల మడమలు నొక్కి చూడడం మొదలుపెట్టారు.