కొత్తవాళ్ళకు స్వాగతమే

ఆ విశ్వవిద్యాలయంలో నడక రద్దయి చాలా ఏళ్ళయింది కనుక, పైడితల్లి చేరిన రోజున ఆమెను గేటు దగ్గర తోపుడుబండి ఎక్కించి, పరిపాలనా భవనం వరండాలో రెండు స్తంభాల మధ్య ఉన్న ఖాళీలో దించారు. బండి తోసిన ఇద్దరూ తప్పెటగుళ్ళ బృందానికి చెందిన ఉద్యోగులు. గెంతుతూ తోశారు కాబట్టి ఆమె ట్రంకుపెట్టె మూత ఊడింది. గుమాస్తా రసీదు చేతిలో పెట్టి, ఏదైనా నాట్యబృందంలో చేరేదాకా అడుగు కదపకూడదని చెప్పి, తన బృందం తీరులో తనూ గెంతుకుంటూ వెళ్ళిపోయాడు.

ఈ ఏర్పాటు ఎవరో కక్షగట్టి పెట్టింది కాదు. ఒకప్పుడు పైనుంచి తనిఖీకి వస్తున్నారని కబురొస్తే, ఆ వారం పాటు ఆవరణలో అందరూ కళాత్మకంగానే కదలాలని ఒక తాత్కాలిక ఉత్తర్వు వేశారు. తనిఖీకి ఎవరూ రాలేదు. ఉత్తర్వు ఉండిపోయింది. దాన్ని రద్దు చేయాల్సిన అధికారి వెస్ట్రన్ బృందంలో ఉన్నాడు, అందులోనూ వెనక్కి జారే స్టెప్పులో. సంతకం పెడదామని బల్ల వైపు కదిలిన ప్రతిసారీ పాపం ఆయన బల్లకి మరింత దూరమవుతున్నాడు. మన దగ్గర తాత్కాలికమైన వాటికున్నంత ఆయుష్షు దేనికుంది చెప్పండి!

పైడితల్లికి ఇవేవీ అభ్యంతరం కాలేదు. నిజం చెప్పాలంటే ఆమె ఇక్కడికి వచ్చిందే అందుకు. అమ్మతో హిస్టరీ కోసమని చెప్పింది, అసలు సంగతి నాన్నకొక్కడికే తెలుసు. బొబ్బిలి దగ్గర వాళ్ళ ఊళ్ళో అమ్మవారి జాతర జరిగినప్పుడల్లా మేడమీంచి చూడటమే ఆమె వంతు. డప్పు వినపడి కాలు ఆడిందా, వాళ్ళమ్మ తొడమీద గిల్లేది. "ఆడపిల్లవి, ఈదిలో గెంతుతావేటే!" అనేది. పందొమ్మిదేళ్ళు వచ్చినా ఒక్కసారి కూడా ఆడలేదు. అందరూ ఆడితీరాల్సిన చోటు ఒకటుందని తెలిసిన రోజున ఆ పిల్లకి అన్నం సహించలేదు, అంత సంబరం. ఒక్కసారి ఒళ్ళు మరిచి ఆడాలి. ఆమెకు కావలసింది అంతే.

"ఏ ఊరమ్మా మీది?" అని ఎడమవైపు స్తంభం అడిగింది.

ఆ స్తంభం పేరు నూకరత్నం. నర్సీపట్నం వైపు పిల్ల, తెలుగు ఎమ్మేలో చేరింది. నెలాఖరులోగా ఏ బృందమూ తీసుకోని విద్యార్థుల్ని భవనాల నిర్వహణ విభాగానికి అప్పగించడం అక్కడి పద్ధతి. వాళ్ళు ఎక్కడ నిలబడితే అక్కడ స్తంభాలుగా నమోదవుతారు. రెండుపూటలా భోజనం వస్తుంది, ఏడాదికోసారి సున్నం వేస్తారు, పరీక్షల ప్రకటనలు వీపుమీద అంటిస్తారు. నూకరత్నం భుజానికి ఎవరో మేకు కూడా కొట్టారు.

"నొప్పేయలేదా అక్కా?"

"మొదట్లో అందరూ 'అక్కా, బ్యాగు తగిలించుకోనా' అని అడిగీవోరు. ఇప్పుడడగరు. నొప్పంటే అదే," అంది నూకరత్నం. "నా సంగతికేటి గానీ, నువ్వు తొందరగా ఏదో ఒకదాన్లో పడు."

వరండా ముందునుంచి బృందాలన్నీ రోజూ వెళ్ళేవి. ప్రతి బృందం ముందూ ఒక బోర్డు, ప్రతి బోర్డు మీదా 'కొత్తవాళ్ళకు స్వాగతం' అని పెద్ద అక్షరాలు. మొదట కూచిపూడి బృందం వచ్చింది. వాళ్ళు ఎక్కడికి వెళ్ళినా తెర పట్టుకుని, ఒక్కొక్కరినీ పాటతో ప్రవేశపెట్టాలి. అందుకే పొద్దుటి క్లాసుకు బయల్దేరినవాళ్ళు మధ్యాహ్నానికి వరండా దాకా వచ్చారు. మోకాళ్ళు పక్కలకి వంచి అరమండిలో కూర్చోవడం వచ్చా అని అడిగింది తెర పట్టుకున్నావిడ. రాదండీ, నేర్చుకుందామనే వచ్చానంది పైడి.

"కొత్తవాళ్ళకి నేర్పుతామమ్మా. రానివాళ్ళకి ఎలా నేర్పుతాం?" అని ఆవిడ ఎంతో మర్యాదగా చెప్పింది. తెర కదిలిపోయింది.

సినిమా బృందంవాళ్ళు అంత మర్యాద చూపలేదు గానీ లెక్క స్పష్టంగా చెప్పారు. వెనక వరసలో ఒక ఖాళీ ఉంది. అక్కడ నవ్వుతూ ఆడాలి, ఎవరికీ కనపడకూడదు. కాకపోతే అది అనుభవం ఉంటే తప్ప రాని విద్య, అందుకని ముందు వరసలో ఆడివచ్చినవాళ్ళనే వెనక వరసకి తీసుకుంటారు. ముందు వరసకి ఎలా వెళ్ళాలని పైడి అడిగింది. వెనక వరస నుంచి, అన్నారు.

నిజంగా రమ్మన్నది థింసా బృందం ఒక్కటే. వాళ్ళు ఏమీ అడగలేదు. ఒకరి నడుం వెనక ఒకరు చేతులు పెనవేసుకుని సాగిపోతున్న ఆ వరస తోకలో ఉన్న పిల్ల చెయ్యి చాచి, "రావే!" అంది. పైడి చెయ్యి అందించబోతూ, మీరంతా ఏం చదువుతున్నారని అడిగింది. వరస తల కెమిస్ట్రీ చదువుతోంది కాబట్టి అందరూ కెమిస్ట్రీయేనట. తోకలో ఉన్న పిల్ల తెలుగులో చేరి ఇప్పుడు కెమిస్ట్రీ ఫైనలియర్లో ఉంది.

"నీకది ఇష్టమేనా?"

"ఇష్టమేటి, చెయ్యి ఒదల్లేను కదా!" అంది ఆ పిల్ల.

ఇంటర్లో కెమిస్ట్రీ తప్పిన పైడి ఒక్క క్షణం ఆలోచించింది. అంతలో తోక మలుపు తిరిగిపోయింది. ఆ తర్వాత ఎన్ని రోజులు తనను తాను తిట్టుకుందో చెప్పలేం. వెళ్ళి ఉంటే ఫెయిలయ్యేది, కానీ ఆడుతూ ఫెయిలయ్యేది.

నెలాఖరు రానే వచ్చింది. సున్నం మేస్త్రి టేపు పట్టుకొచ్చి పైడి భుజాల వెడల్పు కొలిచి, ప్రకటనలు బాగానే పడతాయన్నాడు. మంచివాడే, కళ్ళు మూసుకోమని కూడా చెప్పాడు, సున్నం పడితే మంటపుడుతుందని. అప్పుడే కోలాటం బృందం వరండా ముందు ఆగింది. కోలాటంలో ఒకరి ఎదుట ఒకరు ఉండితీరాలి. చదువు పూర్తయి ఒకమ్మాయి తిరుగుతూ తిరుగుతూనే గేటు బయటకు వెళ్ళిపోయింది. ఒకరు తక్కువయ్యారు. కార్యదర్శి విజయభారతి ఆడటం వచ్చా అని అడగలేదు.

"కర్రలు పైకెత్తి పట్టుకోగలవా?"

పైడి ఏదో అడగబోయింది. "ఆలోచించకే! ఎల్లిపో, ఎల్లిపో!" అని నూకరత్నం ప్రాణం పోతున్నట్టు అరిచింది. పైడి ఒక్క గెంతులో వలయంలో పడింది. మేస్త్రి బకెట్టు ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

కోలాటం వలయం హాస్టలు, మెస్సు, హిస్టరీ క్లాసు, పరిపాలనా భవనం చుట్టూ తిరుగుతుంది. జత తగ్గితే తప్ప ఆగదు. క్లాసు గుమ్మం ముందు మొహం కనిపించిన ప్రతిసారీ హాజరు పడుతుంది. ఒక చుట్టులో ఏ రాజో సైన్యంతో బయల్దేరాడని వినపడేది, మరుసటి చుట్టుకి లెక్చరర్ ఉప్పు పన్ను దగ్గర ఉండేవాడు. రాజు ఏమయ్యాడో పైడికి తెలిసేది కాదు. దానికేముంది, పరీక్షల్లో పన్ను గురించే అడుగుతారు.

ఆమెను నిజంగా కుంగదీసింది వేరే సంగతి. ఆమె పని కర్రలెత్తి పట్టుకోవడం. కొట్టేది ఎదుటివాళ్ళు. కొన్నాళ్ళు ఓపిక పట్టి, "అక్కా, నేనెప్పుడు కొడతాను?" అని విజయభారతిని అడిగింది.

"నువ్వు కొడితే తాళం పోతుంది. వాళ్ళు కొడుతున్నారుగా, నువ్వు కొట్టినట్టే."

ఆదివారం నాన్న ఫోన్ చేసేవాడు, పైడి కర్రలెత్తి తిరుగుతూనే మెడలో వేలాడే ఫోన్లో మాట్లాడేది. ఆటో స్టాండు హారన్ల మధ్యనుంచి గట్టిగా, "ఏటే పైడీ, డేన్సు ఒచ్చీసిందేటి?" అని అడిగేవాడు. వచ్చీసింది నాన్నా అనేది. ఆయన పక్కవాళ్ళతో గొప్పగా చెప్పుకోవడం ఫోన్లో వినపడేది. పైడికి ఏడుపొచ్చేది, కర్రలు దించడానికి వీల్లేక కళ్ళు తుడుచుకునేది కాదు.

ఒకరోజు వరండా ముందు తిరుగుతుండగా ఆమెకు వేరే దరువు వినిపించింది. కిందకి చూసింది. నూకరత్నం కుడికాలి బొటనవేలు సున్నం పొర పగలగొట్టుకుని బయటికొచ్చి, నేలమీద టక టక కొడుతోంది. కోలాటం తాళం కాదది, జాతర దరువులా చురుగ్గా ఉంది. నూకరత్నం మొహం చూస్తే కళ్ళు మూసుకుని ఉంది, ఎంత హాయిగా ఉందో! ఆ ఆవరణ మొత్తంలో ఒళ్ళు మరిచి ఆడుతున్నది ఒక్క ఆ వేలే అని పైడికి అనిపించింది. తిరిగి తిరిగి అక్కడికి ఎప్పుడొస్తానా అని ఎదురుచూడటం మొదలుపెట్టింది.

ఒకసారి ఆ దరువుకి ఆమె చెయ్యి తెలియకుండానే లేచి ఎదుటి కర్రను కొట్టేసింది. తాళం తప్పింది. విజయభారతి ఒక్కసారిగా ఇటు తిరిగింది.

"ఎవరది?"

తాళం తప్పినవాళ్ళను ఉన్నచోటే స్తంభంగా దించేస్తారు. మేస్త్రి ఆ పక్కనే గోడకి సున్నం వేస్తున్నాడు.

"నేను కాదక్కా," అంది పైడి. "ఆ స్తంభం. అది కదులుతోంది."

అది అబద్ధం కూడా కాదు. స్తంభాలు కదలడం భవనానికి ప్రమాదం కనుక, నిర్వహణ విభాగం వెంటనే స్పందించింది, అరుదైన విషయమే. మరుసటి చుట్టుకి మేస్త్రి సిమెంటు కలుపుతున్నాడు. ఆ తర్వాతి చుట్టుకి నూకరత్నం పాదం కనపడలేదు.

"పోన్లే పైడీ," అంది నూకరత్నం, ఆమె ఎదురుగా వచ్చినప్పుడు. "సెప్పకపోతే నిన్ను దింపీసీవోరు." మళ్ళీ మాట్లాడలేదు.

ఆ రోజు నుంచి తాళం ఒక్కసారీ తప్పలేదు. ఏడాది చివర కోలాటం బృందానికి ఉత్తమ క్రమశిక్షణ బహుమతి వచ్చింది. పైడిని సహాయ కార్యదర్శిని చేశారు. సహాయ కార్యదర్శి బృందం బ్యాగు కూడా మోయాలి, అది చాలా బరువు.

కొత్త విద్యార్థుల్ని తోపుడుబండ్ల మీద తెచ్చి దించుతున్న రోజులవి. నూకరత్నం పక్క ఖాళీలో ఒక బక్కపిల్ల నిలబడి ఉంది. దూరాన తప్పెటగుళ్ళు మోగుతుంటే ఆ పిల్ల కాలు దానంతటదే ఆడుతోంది. కోలాటం వలయం దగ్గరికి రాగానే పెదాలు తడుపుకుంది.

"అక్కా, నాకేమీ రాదు. ఎప్పుడూ ఆడలేదు. కొత్తవాళ్ళని తీసుకుంటారా?"

పైడికి భుజం లాగుతోంది. నూకరత్నం మేకుకి బ్యాగు తగిలించింది, అడగలేదు. కర్రలు సరిచేసుకుని ఆ పిల్ల వైపు తిరిగి నవ్వింది.

"తీసుకుంటామమ్మా, కొత్తవాళ్ళకి స్వాగతమే," అంది. "ముందు ఆ కాలు ఆడించడం ఆపు."