రొట్టె అడుగున పద్యం

దేశాంతరం పోయిన రాజుగారు తిరిగొచ్చి గద్దెనెక్కిన రోజుని మా లండనులో ఏటా పండగలా చేస్తారు. ఆ పండగ ఇంకో వారం ఉందనగా, ఒక మే నెల ఉదయం టోబియాస్ వెన్లాక్ అనే కవి అద్దం ముందు నిలబడి మెడపట్టీ సరిచేసుకుంటూ ఆ రోజు పనులు వరసపెట్టి చెప్పాడు. మధ్యాహ్నం, అచ్చుకి అనుమతులిచ్చే ప్రభుత్వ అధికారి సర్ మార్మడ్యూక్ పెల్లింగ్ భోజనానికి వస్తాడు. రాజుగారి మీద టోబియాస్ రాసిన కొత్త పద్యం చూసి సంతకం పెడతాడు. ఆయన సంతకం లేకుండా ఈ ఊళ్ళో పెళ్ళిపత్రిక అచ్చు వేయాలన్నా భయమే. పద్యం పండగలోగా బజారులోకి వస్తుంది.

"ఆయనొచ్చేలోపు అటక మీది కట్ట తగలబెట్టించు థామసిన్," అన్నాడు భార్యతో, గొంతు తగ్గించి.

ఆ కట్ట విషయం చెప్పాలి. రాజుగారు లేని కాలంలో టోబియాస్, వారి తండ్రిగారి తల తీయించి దేశాన్నేలిన క్రాంవెల్‌ని పొగుడుతూ ఒక పద్యం రాసి, పేరు కూడా పెద్దక్షరాల్లో వేయించుకున్నాడు. అమ్ముడుపోని రెండు వందల ప్రతులు అటకెక్కాయి. ఆ పేరు ఇప్పుడు సర్ మార్మడ్యూక్ కంటపడితే సంతకం మాట దేవుడెరుగు, నడిబజారులో మెడా చేతులూ బొండకొయ్యలో బిగించి చెవులు కోస్తారని టోబియాస్ భయం. నెల రోజులుగా మాటిమాటికీ చెవులు తడుముకుంటున్నాడు. నిజం చెప్పాలంటే పాపం, ఆ మనిషికి కంటి మీద కునుకు లేదు.

థామసిన్ ఆ పని వంటావిడ డోర్కస్‌కి అప్పగించింది. డోర్కస్ ముప్పై ఏళ్ళుగా ఒక నూలుపోగు కూడా పారేసిన మనిషి కాదు. పది గంటలకి వంటింట్లోంచి కమ్మటి వాసన వస్తే టోబియాస్ తొంగిచూశాడు. బల్ల మీద, లోపల జింకమాంసం కూరి కాల్చిన బండిచక్రమంత రొట్టె ఉంది.

"ఎప్పుడు చేశావు ఇది?"

"నేనెక్కడ చేశానయ్యగారూ? మీ అటక మీది కాగితం మూలవీధి గ్రిసెల్‌కిచ్చి తెచ్చా. బంగారంలాంటి కాగితం తగలెయ్యమంటారేంటి? తాడేసి గట్టిగా ముడేసి మరీ ఇచ్చా."

గ్రిసెల్ మాంసపు రొట్టెలు కాల్చి అమ్ముతుంది. కాలేటప్పుడు అంటుకోకుండా ప్రతి రొట్టె అడుగునా పాత అచ్చు కాగితం పరుస్తుంది. ఊళ్ళో సగం మంది కవుల్ని జనం చదివింది అక్కడే.

కోటు భుజాన వేసుకుని ఒక్క పరుగు తీశాడు. గ్రిసెల్ బల్ల మీద నలభై రొట్టెలు పొగలు కక్కుతున్నాయి. చుట్టూ జనం, పక్కనే కానిస్టేబులు. కాగితం గురించి అంతమందిలో నోరెత్తడం ఎలా?

"రొట్టెలన్నీ నాకే కావాలి," అన్నాడు ఎగశ్వాసతో.

"అన్నీనా? మీ ఇంట్లో ఉండేది ముగ్గురేగా!"

"అన్నీ!" చేతిలో డబ్బు చాలక కొత్త కోటు తీసి బల్ల మీద పెట్టాడు.

వరసలో ఉన్న దర్జీ పెళ్ళాం గుండెల మీద చెయ్యేసుకుంది. "ఓరి నాయనో! ఈయనకేదో తెలిసింది. మహమ్మారి వస్తోందా? డచ్చివాళ్ళు దండెత్తి దిగారా?"

"కరువేమోనే! దాచుకుంటున్నాడు చూడు!" అంది ఇంకొకామె.

క్షణంలో ఆ మాట వీధి దాటింది. పిండికొట్టు ముందు తోపులాట మొదలైంది. కానిస్టేబులు టోబియాస్ చొక్కా పట్టుకున్నాడు.

"నిజం చెప్పండి పంతులూ. నలభై రొట్టెలు ఎందుకు?"

టోబియాస్ చెవులు తడుముకున్నాడు. "రాజుగారి పండగొస్తోందిగా... ముందుగా పేదలకి పంచుదామని..."

"శభాష్!" కానిస్టేబులు వీపు మీద చరిచిన చరుపుకి టోబియాస్ ముందుకు తూలాడు. "విన్నారా? అయ్యగారింటి దగ్గర ఊరికే రొట్టెలట! పదండి, గంపలెత్తండి!"

ఇంటికి తీసుకెళ్ళి పొయ్యిలో పడేద్దామనుకున్న రొట్టెలు జనం నెత్తిన ఊరేగింపుగా బయలుదేరాయి. గుమ్మం ముందుకి వచ్చేసరికి సర్ మార్మడ్యూక్ బండి దిగుతున్నాడు. నడుందాకా వేలాడే నల్లటి విగ్గు ఆయనకంటే ముందు దిగింది. క్రాంవెల్ కాలంలో ఆ తలే అతని మనుషుల పద్ధతిలో నున్నగా కత్తిరించి ఉండేదని పెద్దవాళ్ళకి గుర్తే, కానీ ఎవరంటారు?

"ఏమిటీ సందడి?"

కానిస్టేబులు చెప్పాడు. సర్ మార్మడ్యూక్ చొక్కాతో నిలబడ్డ టోబియాస్‌ని ఎగాదిగా చూశాడు.

"రాజుగారి కోసం ఒంటి మీది కోటు కూడా ఇచ్చేశావా? ఇంత భక్తి నేనెక్కడా చూడలేదయ్యా! ఇలా తే, నా చేత్తో నేనే పంచుతాను."

"దొరగారూ, మీకెందుకు శ్రమ..."

"రాజుగారి పనిలో శ్రమేమిటి? ఒక్కొక్కరే రండి. ఇక్కడ తినకండి. ఇంటికి పట్టుకెళ్ళి పెళ్ళాం బిడ్డలతో తిని రాజుగారిని తలుచుకోండి!"

ఒక్కో రొట్టె ఒక్కో ఇంటికి వెళ్ళిపోతుంటే టోబియాస్ తన మరణశాసనం ఊరంతా పంచుతున్నట్టే చూస్తూ నిలబడ్డాడు. ముప్పై తొమ్మిది. నలభై. అయిపోయింది.

భోజనానికి కూర్చున్నాక డోర్కస్ జింకమాంసపు రొట్టె తెచ్చి మధ్యలో పెట్టింది. అప్పుడు తట్టింది టోబియాస్‌కి, అదీ గ్రిసెల్ చేతిదే, దాని అడుగునా కాగితం ఉంటుందని. కొత్త పద్యం పక్కనే ఉంది, కలం సిరాలో ఉంది. సర్ మార్మడ్యూక్ ముందు చాకు అందుకున్నాడు.

"పైపైన తీసుకోండి దొరగారూ. అడుగు గట్టిగా ఉంటుంది, పళ్ళకి మంచిది కాదు," అంది థామసిన్.

"నాకడుగే ఇష్టమమ్మా." ముక్క కోసి తిరగేశాడు. అడుగున కాగితం అంటుకుని ఉంది, నెయ్యికి తడిసిన అక్షరాలు నల్లగా మెరుస్తున్నాయి. ఆయన దాన్ని ఊడదీసి కళ్ళకి దగ్గరగా పట్టుకున్నాడు. ఆయన ముఖం విగ్గు కింద సున్నంలా పాలిపోయింది.

టోబియాస్ కుర్చీలోంచి జారి మోకాళ్ళ మీద పడ్డాడు. "తప్పయిపోయింది దొరగారూ! అప్పట్లో రాయనివాడెవడు? ఆ క్రాంవెల్‌ని సూర్యుడన్నారు, సింహమన్నారు. కడుపు కోసం రాసిందే కానీ మనసులో లేదు!"

"అంటే... నీకంతా తెలుసన్నమాట," అన్నాడు సర్ మార్మడ్యూక్ మెల్లిగా.

"తెలియకేం దొరగారూ? రాసిన చెయ్యి ఎక్కడికి పోతుంది?"

"ఆ నలభై రొట్టెల కిందా ఇవేనా?"

"ఇవే."

"నాచేతే పంచించావు!" ఆయన లేచిన ఊపుకి విగ్గు ఒక చెవి మీదికి ఒరిగింది. "నీకేం కావాలో చెప్పు, త్వరగా!"

టోబియాస్‌కి ఏమీ అర్థం కాలేదు. అలవాటు కొద్దీ "సంతకం..." అన్నాడు.

సర్ మార్మడ్యూక్ ఒక్క అక్షరం చదవకుండా సంతకం గీకి, జిడ్డు కాగితం చేతిమడతలో కుక్కుకుని పరుగెత్తాడు. బయట ఆయన నౌకర్లతో అరుస్తున్న అరుపులు వినబడ్డాయి. "ప్రతి ఇంటికీ వెళ్ళండి! రొట్టెకి రెండు రొట్టెలిస్తామనండి!"

పళ్ళెంలో మిగిలిన కాగితం ముక్కని థామసిన్ వేలితో తుడిచి చదివింది. "ఏవండీ... ఇందులో మీ పేరు లేదు. 'క్రాంవెల్ మహావీరునికి దాసానుదాసుడు మార్మడ్యూక్ పెల్లింగ్' అని ఉంది."

టోబియాస్ నేల మీదే కూర్చుని పగలబడి నవ్వాడు. నెల రోజుల తరవాత అతను నవ్వడం అదే మొదలు.

"ఎందుకు నవ్వుతారయ్యగారూ?" అంది డోర్కస్. "ఇవాళ్టి రొట్టెలు తెల్లారకముందే కాల్చేసింది గ్రిసెల్. వాటి కింద వేసింది పోయిన వారం ఈ దొరగారి వంటావిడ ఇచ్చిన కాగితమే. మీ కట్ట ఇంకా విప్పనేలేదు. రేపటి రొట్టెల కోసం అట్టే పెట్టింది."

నవ్వు ఆగిపోయింది. టోబియాస్ మళ్ళీ పరుగు తీశాడు.

"నా కట్ట! నా కట్టేదీ?"

"ఇప్పుడే ఆ పెద్ద విగ్గు దొర వచ్చాడయ్యా," అంది గ్రిసెల్. "అచ్చు కాగితం ఎక్కడుందో చూపించమని మీదపడ్డాడు. కొట్లో మిగిలిందే ఆ ఒక్క కట్ట. ఎత్తుకుపోయాడు."

సర్ మార్మడ్యూక్ ఇల్లు రెండు వీధుల అవతల. టోబియాస్ కిటికీ కింద నక్కి తొంగిచూశాడు. లోపల పొయ్యి భగభగ మండుతోంది. సర్ మార్మడ్యూక్ ఆ కట్టని ఒళ్ళో పెట్టుకుని తాడు విప్పుతున్నాడు. గోళ్ళతో లాగాడు. పళ్ళతో పీకాడు. టోబియాస్ రెండు చెవులూ గట్టిగా పట్టుకున్నాడు. డోర్కస్ వేసిన ముడి ముప్పై ఏళ్ళలో ఎవరికీ లొంగలేదు. బయట ఎవరిదో బండి చప్పుడైంది. సర్ మార్మడ్యూక్ ఉలిక్కిపడి, కట్టని కట్టలాగే మంటల్లోకి విసిరి, ఇనుప ఊచతో లోపలికి తోసి, బూడిదయ్యేదాకా అక్కడే కాపలా కూర్చున్నాడు.

పొద్దున టోబియాస్ ఇంట్లో చెప్పిన పని, చివరికి ప్రభుత్వం వారే దగ్గరుండి పూర్తి చేశారు.