నా మక్కచేనుకు మొదటి సైలెన్సర్

అడవి పంది పంట తినడం ప్రకృతి ధర్మం. దాన్ని వెళ్లగొట్టడం రైతు ధర్మం. ఈ రెండు ధర్మాల నడుమ పుట్టే చప్పుడు మాత్రం పూర్తిగా ప్రభుత్వ వ్యవహారం. ఈ సంగతి తెలియక మా పెద్దలు తరతరాలుగా డబ్బాలు కొట్టి, కేకలు పెట్టి, పంట ఇంటికి తెచ్చుకుని, అజ్ఞానంలోనే కన్నుమూశారు.

నాకు మాత్రం జ్ఞానం దొరికింది. ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక, చెప్పుల దుకాణం పైన, మూడో అంతస్తులో దొరికింది. (లిఫ్టు ఉంది. దాని తలుపు మీద 'త్వరలో' అని రాసి ఉంది. ఆ అక్షరాలకు రెండుసార్లు రంగు కూడా వేశారు.)

ఊరవతల మాకు రెండెకరాల మక్కచేను ఉంది. పాసుబుక్కు నా పేరు మీదే, శంకరమ్మ అని. చేనుకు ఒక పక్క గుట్ట, ఇంకో పక్క నాలుగేళ్ల కింద లేచిన విల్లాలు. గుట్ట నుంచి పందులు వస్తాయి, విల్లాల నుంచి ఫిర్యాదులు వస్తాయి. నడుమ మక్క ఉంటుంది, ఉన్నన్ని రోజులు. పోయినేడు పందులు చేను నాకేస్తే మేత లేక ఒక బర్రెను అమ్మేశాం. మిగిలింది గౌరి ఒక్కతే. ఈసారి కూడా చేను పోతే గౌరి కూడా పోతుంది. మిగతా కథంతా సర్కారుది, ఈ ఒక్క ముక్క మాత్రం నాది.

కంకి పాలు పట్టగానే పందులు దిగాయి. నా కోడలు మంజుల తెలివైనది. హయత్‌నగర్ పోయి అరచేయంత మైకు కొనుక్కొచ్చి, చేని గట్టు మీద నన్ను నిలబెట్టి, "అత్తా, నీకు ఎంత కోపముంటే అంత అరువు" అంది. అరిచాను. "హోయ్! ఎవల్రా చేన్ల? నడూ! మీ మూతులు పగల, నడూ!" అని. నా గొంతు సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో వాగు అవతల మేకల్ని పిలిస్తే, మా అత్త చేతిలో చెంబు కింద పడింది. ఆ సొట్ట చెంబు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. అంతటి గొంతును మంజుల మైకులో పట్టి, గుంజకు కట్టి, తిరిగి తిరిగి మోగేటట్టు పెట్టింది.

పందులు నాలుగు రోజులు భయపడ్డాయి. ఐదో రోజు అలవాటు పడ్డాయి. ఎంత అలవాటంటే, ఆ గుంజ కిందే మన్ను తవ్వుకుని పడుకున్న గుర్తులు కనబడ్డాయి. ఆరో రోజు, పందుల్ని తుపాకితో కొట్టించాలని నేను దరఖాస్తు పెట్టాను.

(తుపాకి మా ఇంటికి కొత్త కాదు. మా మామకు ఒంటి గొట్టం ఏక్‌నాలి ఉండేది, లైసెన్సుతోనే. ఒక్కసారి ఆకాశంలోకి పేలిస్తే నెల రోజులు పందులు ఈ గుట్ట పేరెత్తేవి కావు. తర్వాత ఎన్నికలొచ్చాయని దాన్ని ఠాణాలో పెట్టమన్నారు. పెట్టాడు. మామ పోయాడు, ఆ ఎన్నికల్లో గెలిచినాయన పోయాడు, ఓడినాయన కూడా పోయాడు. తుపాకి మాత్రం క్షేమంగా ఉందని విన్నాను.)

పందుల్ని కొట్టడానికి అనుమతి ఉన్న మనిషి దివాకర్. పెద్ద అంబర్‌పేట్ వాడు. కాగితం మీద గుండ్రాలు గీసి కొట్టే పోటీలకు ఒక తుపాకి, వేటకు ఒక తుపాకి పెట్టుకుని, పిలిచిన రైతు చేనుకు వస్తాడు. పిలిచాను. వస్తానన్నాడు. ఆఫీసు కాగితం ఒక్కటి కావాలన్నాడు.

ఆ కాగితం ఇచ్చేది 'వన్యప్రాణి శబ్ద సమన్వయ విభాగం'. అందులో కూర్చునే సారు పేరు తిరుమల్. ఆయన బల్ల మీద నాకంటే ముందే వచ్చిన ఉత్తరం ఒకటి ఉంది. విల్లాల సంఘం సెక్రటరీ రాజశేఖర్ రాసింది.

"అవ్వా, తుపాకి పేలితే చప్పుడైతది" అన్నాడు తిరుమల్, కొత్త సంగతి కనిపెట్టినట్టు.

"అయితది బిడ్డా. పిల్లిలెక్క మియ్యావనదు గద."

"గదే లొల్లి. విల్లాలోల్లు ఏమంటున్నరంటే, వాళ్లు కొన్న కాగితంల 'ప్రకృతి ఒడిలో నిశ్శబ్దం' అని అచ్చేసి ఉన్నదట. అంటే నిశ్శబ్దం వాళ్ల ఆస్తి. నీ చేన్ల తుపాకి పేలితే వాళ్ల ఆస్తికి నష్టం."

"మరి పందులు?"

"పందుల మీద వాళ్లకేం ఫిర్యాదు లేదు. అవి సప్పుడు చెయ్యకుంట తింటయి."

అని చెప్పి ఒక కాగితం చేతిలో పెట్టాడు. 'తొలి సైలెన్సర్ ఎంపిక పత్రం, నమూనా ఏడు-బి.' తుపాకి మూతికి బిగించే సైలెన్సర్ ఏ రకందో దరఖాస్తుదారు ఎంచుకుని, కారణాలతో సహా రాసివ్వాలి. వేట తుపాకికీ, పోటీ తుపాకికీ కలిపి ఒక్కటే ఎంచుకోవాలి.

"తుపాకి దివాకర్‌ది. కొట్టే వేలు దివాకర్‌ది. నేనెందుకు ఎంచాలె?"

"పందులు ఎవలియి అవ్వా?"

"అడవియి."

"మక్క ఎవలిది?"

"నాది."

"మరి గందుకే."

ఇంత సాఫుగా చెప్పాక ఎవరు మాత్రం ఏం చేస్తారు? మూడో తరగతి దాకా చదివినదాన్ని, డెబ్బై ఆరేళ్ల వయసులో, రైఫిల్‌కు సైలెన్సర్ ఎంచుకోవడానికి మెట్లు దిగాను.

దివాకర్ మర్నాడు పొద్దున మా వాకిట్లో కూర్చుని ఓపికగా చెప్పాడు. "గొట్టం లోపట వరసగ అరలుంటయి అవ్వా. మందు పేలిన గాలి ఒక్కో అరలకెళ్లి పోంగ పోంగ జోరు తగ్గుతది. కుక్కర్ విజిల్ ఒక్కపారి లేపితే ఎట్లుంటది? జర జర లేపితే ఎట్లుంటది?"

"అంటే తుపాకికి కుక్కర్ మూతన్నట్టు" అంది మంజుల.

"గట్లనే అనుకో అక్కా. ఇగ వేటకైతే పొట్టిగ, అల్కగ ఉండాలె. పొడుగైతే కంపలకు తట్టుకుంటది, బరువైతే తుపాకి మూతి వాలుతది. పోటీలనేమో తుపాకి దిమ్మె మీద ఉంటది, బరువుతోని ఫికర్ లేదు. గని గంటసేపు కొడుతనే ఉంటం గద, వేడికి ఆగే ఉక్కు ఉండాలె. రెండు తుపాకుల గుండ్లు ఒక్క తీరు కావు. మర సక్కగ కూసోకపోతే గుండు గొట్టానికే తాకుతది."

నేను ఆలోచించాను. ఇంట్లో కూరకూ చారుకూ ఒక్కటే గిన్నె ఉండాలంటే పెద్దదే కొంటాం. కాబట్టి పెద్ద గుండు పట్టే బొక్క, మధ్యరకం పొడవు, ఉక్కుది, నేరుగా మరతో బిగించేది. దివాకర్ నా లెక్కను వేళ్ల మీద మళ్లీ చూసుకున్నాడు. "మా క్లబ్బుల పదేండ్ల సంది కొట్టుకుంటున్నరు అవ్వా, ఇంత జెల్ది ఎవలు తేల్చలే" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "అయినా సప్పుడు మొత్తం పోదు. గుండు గాలిని చీరితే సప్పుడైతది. సినిమాల లెక్క తుస్సుమనదు" అన్నాడు.

"అది కాదు బిడ్డా. నువ్వు ఒక్కదాన్ని కొడుతవ్. సప్పుడు లేకపోతే మిగిలిన ముప్పై పందులకు ఎట్ల తెలుస్తది? సప్పుడే గద సగం పని!"

దివాకర్ చాయ్ గ్లాసు కింద పెట్టి, "గీ ముక్క నేను మూడేండ్ల సంది చెప్తున్న. నన్ను కూడ గదే కాగితంల రాసియ్యమన్నరు" అన్నాడు.

మంజుల చక్కని దస్తూరీతో కాగితం నింపింది. పట్టుకుని మళ్లీ మూడంతస్తులు ఎక్కాను. ఆ వారంలో గుట్ట పక్క పన్నెండు సాళ్లు పోయాయి.

తిరుమల్ పత్రం చూసి తల ఊపాడు. ఎంపిక బాగుందన్నాడు. కారణాలు ఇంకా బాగున్నాయన్నాడు. పదకొండో గడి దగ్గర మాత్రం వేలు ఆపాడు. 'ఇంతకుముందు వాడిన సైలెన్సర్ నంబరు.'

"ఇది మొదటిది బిడ్డా. కాగితం మీద మీరే రాసిన్రు, తొలి సైలెన్సర్ అని."

"అవ్. గని ముందటి నంబరు లేకపోతే నీకు అనుభవం లేనట్టు. అనుభవం లేనోల్లకు మొదటిది మంజూరు కాదు."

"పోనీ, గిది ఏ దుకాణంల దొరుకుతదో చెప్పు. కందుకూరుల ఉన్నదా, హయత్‌నగర్‌ల ఉన్నదా?"

తిరుమల్ అటూ ఇటూ చూశాడు. "మెల్లగ మాట్లాడు అవ్వా. సైలెన్సర్ నీ అసొంటోల్ల దగ్గర దొరికితే జైలుకు తోల్తరు."

"మరి ఎంచమంటివి?"

"ఎంచుకునుడు తప్పనిసరి. ఉంచుకునుడు నేరం. రెండు వేరే వేరే సెక్షన్లు. ఒకదానికి ఒకటి అడ్డం రావు."

(అడ్డం రాలేదు. నేను రెండింటి కిందా నిలబడి ఉన్నాను కాబట్టి ఖాయంగా చెప్పగలను.)

అయితే సర్కారుకు దయ లేదని అనకూడదు. సైలెన్సర్ లేనివారి కోసం ఇంకో దారి పెట్టారు. దాని పేరు 'సమాన నిశ్శబ్ద ధ్రువీకరణ.' సారు మీటరు తెచ్చి చేనులో చప్పుడు కొలుస్తాడు. పరిమితి లోపల ఉంటే సైలెన్సర్ ఉన్నట్టే లెక్క. తుపాకి మాత్రం పేల్చకూడదు, దానికి ఇంకా అనుమతి రాలేదు గనుక.

తిరుమల్ వినాయక నిమజ్జనం రోజున వస్తానన్నాడు. ఆ రోజు విల్లాల ముందు డీజే పెట్టారు. మా ఇంటి రేకులు ఊగాయి, గౌరి కట్టు తెంపుకుంది. తిరుమల్ రాలేదు. మీటరు చార్జింగ్‌లో ఉందట. మూడో రోజు వచ్చాడు. చేను నడుమ నిలబడి, మీటరు పైకెత్తి, చెవి ఒగ్గాడు. పేలని తుపాకి చప్పుడు దానికి అందలేదు. అందింది ఒక్కటే. "హోయ్! ఎవల్రా చేన్ల? నడూ! మీ మూతులు పగల!"

సారు రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఎవలవ్వా గది?"

"నేనే బిడ్డా."

"నువ్వు ఈడ ఉన్నవ్ గద?"

"ఆడ గూడ నేనే."

మీటరులో అంకె పరిమితి దాటింది. పందుల మీద పనిచేయని నా గొంతు సర్కారు మీద బ్రహ్మాండంగా పనిచేసింది. మైకును గుంజ నుంచి విప్పి, బట్టసంచిలో కట్టి, లక్క ముద్ర వేసి, బండి మీద పెట్టుకున్నాడు. రసీదు ఇచ్చాడు. 'ముసలి ఆడమనిషి గొంతు, ఒకటి, పనిచేయుచున్న స్థితిలో' అని ఉంది దాంట్లో. భద్రంగా దాచుకున్నాను. నా గురించి సర్కారు రాసిన మంచి మాట అదొక్కటే.

"మరి నోటితోని అరవచ్చునా?" అని అడిగాను.

తిరుమల్ నిజాయితీగా ఆలోచించాడు. "నోటికి లైసెన్స్ నంబరు ఉండదు గద అవ్వా. పైన అడిగి చెప్త" అన్నాడు.

పైనుంచి జవాబు వచ్చేదాకా మంజుల ఊరికే ఉండలేదు. పాత నూనె డబ్బా తీసి, కట్టెకు తువాల చుట్టి కొట్టింది, నోటీసు రాకుండా. తుపాకికి దొరకని సైలెన్సర్ డబ్బాకు దొరికిందన్నమాట. బుడ్ బుడ్‌మని వచ్చే ఆ చప్పుడుకు పందులు ఇంకాస్త నిదానంగా, నమిలి నమిలి తిన్నాయి. ఎనిమిది రోజుల్లో గుట్ట పక్క పోయింది, పదిహేను రోజుల్లో నడుమ పోయింది. విల్లాల పక్క నాలుగు సాళ్లు మిగిలాయి. అక్కడ వాళ్ల కుక్కలు మొరుగుతాయి. (ఆ చప్పుడు పెంపుడుది, లెక్కలోకి రాదు.)

ఆ నాలుగు సాళ్లూ కోసేస్తే వచ్చిన చొప్ప గౌరికి నెల రోజులు కూడా రాదు. కందుకూరు నుంచి ఒకాయన వచ్చి దాని పళ్లు చూసి, పలుపు పట్టుకున్నాడు. ఇది నా చేతుల్లో పుట్టిన బర్రె. దీని తల్లి పుట్టిన ఏడాది వానలు లేవు, దాని తల్లి పుట్టిన ఏడాది మా మామ ఉన్నాడు, అన్నీ నాకు గుర్తే. రోడ్డు మలుపు దాకా వెనక్కి తిరిగి తిరిగి అరిచింది. ఆ చప్పుడు పరిమితి దాటే ఉంటుంది. అప్పుడు మీటరు లేదు.

ఆ మరుసటి వారం తిరుమల్ వచ్చాడు. వెంట రాజశేఖర్ కూడా ఉన్నాడు, తెల్ల బూట్లతో, గట్టు మీద జాగ్రత్తగా నడుస్తూ. తిరుమల్ చేతిలో కాగితం ఉంది. దివాకర్ వచ్చి పందుల్ని కొట్టవచ్చునని అనుమతి వచ్చింది. కింద చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంది. పంట ఉన్న చోటనే చెల్లుతుందట.

పత్రం పూర్తి చేయడానికి తిరుమల్ మళ్లీ మీటరు తీసి ఎత్తి పట్టుకున్నాడు. మైకు లేదు. డబ్బా లేదు. గౌరి లేదు. ఆకులు లేవు కనుక గాలికి గలగల కూడా లేదు. చాలాసేపు పట్టుకున్నాడు.

"వండర్‌ఫుల్! చూశారా, అందరం సహకరిస్తే ఎంత ప్రశాంతంగా ఉంటుందో!" అన్నాడు రాజశేఖర్.

తిరుమల్ నా దగ్గరికి వచ్చి పెన్ను తీశాడు. మనిషి చెడ్డవాడు కాదు, నా మొహం వైపు చూడలేదు. "అవ్వా, ఆఖరి గడి ఒక్కటి మిగిలింది. ఏమన్న చెప్పేదున్నదా?"

నాకు మాటలు తక్కువని ఈ మండలంలో ఎవరూ అనరు. బస్సులో టికెట్ కొట్టే పిల్లకు మా అత్త కథ చెప్పి రెండు స్టాపులు దాటిపోయినదాన్ని. ఆ రోజు చేను వైపు చూశాను. నోరు తెరిచాను. లోపల ఏమీ దొరకలేదు.

తిరుమల్ మీటరును ఒకసారి నా వైపు తిప్పి చూసి, ఎంపికైన సైలెన్సర్ అనే గడిలో నెమ్మదిగా రాసుకున్నాడు: 'అవసరం రాలేదు. దరఖాస్తుదారు నిశ్శబ్దముగా ఉన్నారు.'